డ్యూటీ నుంచి వచ్చినవాళ్ల కుర్చీ

చాలా ఏళ్లపాటు మా ఇంట్లో మనుషులం ఇద్దరం, కుర్చీ ఒక్కటే. ప్లాస్టిక్ కుర్చీలు తర్వాత వచ్చాయి కానీ వాటిని మేము కుర్చీల కింద లెక్కేయలేదు. వాటి మీద ఉతికిన బట్టలు వేసేవాళ్లం. కుర్చీ అంటే ఆ ఒక్కటే, ఆకుపచ్చ రంగుది, వెడల్పాటి చేతులున్నది. దాని విషయంలో ఇంట్లో ఒక రూలు ఉండేది. డ్యూటీ నుంచి ఎవరు ఆలస్యంగా వస్తే కుర్చీ వాళ్లది. ముందు ఇంటికి చేరినవాళ్లు చాయ్ పెట్టి, కుర్చీ ఖాళీగా ఉంచి, గడప మీదో మంచం పట్టె మీదో కూర్చోవాలి. ఈ రూలు పెట్టింది నేనే. ఎందుకంటే ఎక్కువగా ఆలస్యమయ్యేది నాకే.

మేమిద్దరం నర్సులం. భూపాలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానలో పనిచేశాం. ఉండేది మాత్రం భూపాలపల్లిలోనే, రెండు గదుల అద్దె ఇంట్లో. ఆమె నాకన్నా వయసులోనూ సర్వీసులోనూ పెద్దది. ఆమెది పెద్దవంగర, నాది కొడకండ్ల. బస్సెక్కి కిటికీ పక్కన సర్దుకుని కూర్చునేలోపు దిగాల్సినంత దగ్గర ఆ రెండు ఊళ్లూ. అయినా పుట్టి పెరిగినంత కాలం ఒకరి ముఖం ఒకరం చూడలేదు. ఇంత దూరం వచ్చి బొగ్గు లారీల దుమ్ములో దోస్తులమయ్యాం. దవాఖానకు వచ్చేవాళ్లందరూ మమ్మల్ని సిస్టర్ అనేవాళ్లు. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసి, మేమూ ఒకరినొకరం సిస్టర్ అనే పిలుచుకున్నాం. అసలు పేర్లు జీతం కాగితాల్లోనే ఉండేవి.

ఆమె భర్త పెళ్లయిన కొత్తలోనే వేరే ఇల్లు చూసుకున్నాడు. నాకు పెళ్లి కాలేదని ఊళ్లో అంటారు, నేను చేసుకోలేదని నేనంటాను. ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. నేను ఏడాదికోసారి కురవి జాతరకు పోయి వీరన్నకు కొబ్బరికాయ కొట్టి వచ్చేదాన్ని. క్రిస్మస్‌కు ఆమె కేకు తెస్తే నేను తినేదాన్ని. నేను ప్రసాదం తెస్తే ఆమె నవ్వుతూ తీసుకుని పక్కింటి పిల్లలకు పెట్టేది. దానికి నేను రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు. ఆ సంగతి ఆమెకు తెలిసేదే కాదు, ఎందుకంటే ఆమె మామూలుగానే తక్కువ మాట్లాడుతుంది.

ఆ కుర్చీ మాకు ఒక కాన్పు వల్ల వచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్లలో, అడవి లోపలి ఊరి నుంచి ఒక పిల్లను ఎడ్లబండి మీద తెస్తున్నారు. వాగు పొంగి బండి ఆగిపోయింది. మేమే ఇటునుంచి నడుములోతు నీళ్లలో దాటిపోయి, ఒడ్డున ఉన్న పశువుల కొట్టంలో కాన్పు చేశాం. నేను మొదటి నుంచి చివరి వరకూ అందరి మీదా అరుస్తూనే ఉన్నాను. ఆమె ఆ పిల్ల తల నిమురుతూ కూర్చుంది. తల్లీ బిడ్డా బతికారు. తర్వాత ఆ ఊరివాళ్లు ఎప్పుడు కనబడినా ఆమెనే ముందు పలకరించారు. అరిచినవాళ్లను ఎవరు తలుచుకుంటారు?

ఆ పిల్ల తాత వడ్రంగి. సొంత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు దూలంతో మాకు కుర్చీ చేసి తెచ్చాడు. చేసిన రోజే దాని మీద దట్టంగా ఆకుపచ్చ రంగు పూసేశాడు, అంచుల వెంబడి ఎర్ర గీత కూడా లాగాడు. ఎడ్లబండికి వేయగా మిగిలిన రంగు అది. ఆ ఊళ్లలో అదొక అలవాటు. టేకుతో ఏం చేసినా కట్టె కనబడకుండా రంగు వేసేస్తారు. తమ ఇంటిదే అయినా సరే, అడవి పక్కన టేకు కనబడితే ఎక్కడిదని అడిగేవాళ్లు ఉంటారని భయం. అందుకే అక్కడ తలుపులు, కిటికీలు, మంచం కోళ్లు అన్నీ ఆకుపచ్చగానో నీలంగానో ఉంటాయి.

"గిది టేకని ఎవ్వలికి చెప్పకుండ్రి బిడ్డా. అడిగితె యాప కట్టె అనుండ్రి" అన్నాడు ఆయన.

సరేనన్నాం. ఎవరికీ చెప్పకుండా చెప్పకుండా చివరికి మేమే మరిచిపోయాం. మాకది ఆకుపచ్చ కుర్చీ, అంతే. ఆమె అందులో కూర్చున్నప్పుడు కుడి చేతి చివర బొటనవేలితో రుద్దుతూ ఉండేది. పాట వింటున్నా, వార్తలు చూస్తున్నా, నేను తిడుతున్నా ఆ వేలు ఆగేది కాదు. ఏళ్లు గడిచేసరికి అక్కడ రంగు పోయి, రూపాయి బిళ్లంత చోట కట్టె బయటపడి, కొంచెం గుంట కూడా పడింది. కుర్చీ పాడుచేస్తున్నావని నేను అనేదాన్ని. ఆమె చెయ్యి ఒళ్లోకి తీసుకుని, కాసేపటికి మళ్లీ అక్కడే పెట్టేది.

ఆమె నాకన్నా ముందు రిటైరయింది. కొన్నాళ్లకు కూరలో ఉప్పు రెండుసార్లు పడటం మొదలైంది. ఉప్పు నాకూ పడుతుంది, పట్టించుకోలేదు. తర్వాత ఒక పొద్దున తెల్లకోటు వేసుకుని దవాఖానకు బయలుదేరింది. నువ్వు రిటైరయ్యావు సిస్టర్ అంటే, అవును గదా అని నవ్వి కోటు విప్పేసింది. ఇంకోసారి మెయిన్ రోడ్డు మధ్యలో చెయ్యి ఎత్తి నిలబడింది, బస్సు ఆపుతున్నానంటూ. రెండువైపులా బొగ్గు లారీలు ఆగిపోయి ఉన్నాయి. ఇంతకాలం జనానికి జబ్బుల గురించి చెప్పినదాన్ని, మా ఇంట్లో జబ్బుకు మాత్రం పెద్దతనం అని పేరు పెట్టి తిరిగాను. నేను డ్యూటీకి పోతే ఆమెను చూసేవాళ్లు లేరు. పెద్దవంగరలో ఆమె తమ్ముడు, మరదలు వ్యవసాయం చేసుకుంటారు. మంచివాళ్లు. మేము తీసుకుపోతామన్నారు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేయను?

ఆదివారం వస్తామన్నవాళ్లు, తెలిసినవాళ్ల కారు ఇటువైపు ఖాళీగా వస్తోందని రెండు రోజుల ముందే వచ్చేశారు. నాకు ఫోన్ చేశారట. నేను టీకాల పనిలో ఏదో తండాలో ఉన్నాను, సిగ్నల్ లేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తాళం ఉంది, తాళంచెవి పక్కింట్లో ఉంది. లోపల కుర్చీ దాని చోట అది ఉంది. దాని చేతి మీద గ్లాసు, గ్లాసు మీద మూత. కారెక్కే ముందు చాయ్ పెట్టి పోయింది. మీగడ కట్టి చల్లారిపోయిన ఆ చాయ్ కుర్చీలో కూర్చుని అట్లాగే తాగాను. తాగి, గ్లాసు కడిగి, అప్పుడు ఏడ్చాను.

ఆ తర్వాత రోజూ ఆలస్యంగా వచ్చేది నేనే, ముందుగా వచ్చేదీ నేనే. కుర్చీ ఎప్పుడూ నాదే. పోటీ లేకుండా దొరికిన ఆ కుర్చీని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు దాన్ని ఈడ్చుకుపోయి వెనక రేకుల కింద పడేశాను. దాని మీద సగం వాడిన సిమెంటు సంచి పెట్టాను. వానలు కొట్టాయి, ఎండలు కాశాయి, నేను అటు చూడలేదు.

నేనూ రిటైరయ్యాను. ఒంటరిగా ఉండటం అంటే ఏమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది. పొద్దంతా నా నోట్లోంచి ఒక్క మాట కూడా బయటికి రాని రోజులుండేవి. మధ్యాహ్నం ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో బాంబులు పేలిస్తే కిటికీ అద్దాలు గలగలమనేవి. ఇంట్లో నేను కాక చప్పుడు చేసేది అదొక్కటే. చెయ్యి అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా బియ్యం పోసేది. మిగిలిన అన్నం మర్నాడు పొద్దున పోపు పెట్టుకుని తినేదాన్ని. ఇక నాకు డ్యూటీ లేదు గనుక ఆమెను తెచ్చుకుని నేనే చూసుకోవాలని నిర్ణయించుకున్నాను. నాకు ఈ లోకంలో కావలసింది అదొక్కటే.

పెద్దవంగర పోయి ఆ మాటే అడిగాను. ఆమె నన్ను చూసి, వచ్చినవాళ్లందరినీ చూసినట్టే నవ్వింది. "మంచిదేనా?" అని అడిగి, చీర కొంగు సర్దుకుని, మళ్లీ గోడ వైపు తిరిగింది. నేనెవరో చెప్పాను. రెండుసార్లు చెప్పాను. తల ఊపింది, అంతే.

ఆమె తమ్ముడు నన్ను బయటికి పిలిచి మెల్లగా అన్నాడు. "తోల్కపోతనంటె మేం వద్దంటమా అక్కా? గని కొత్తోళ్లతోని ఆమె ఒక్క పూట ఉండది. చర్చికని పక్కింటోళ్లు తీస్కపోతెనే ఏడ్చి ఏడ్చి వచ్చింది. నిన్ను గుర్తువట్టి, నీ ఎంట వస్తనంటె గా దినమే తోల్కపో."

న్యాయమైన మాటే. నేనైనా అదే చెప్పేదాన్ని. తిరుగు బస్సులో దారి పొడుగునా ఆయన్ను తిట్టుకున్నాను.

కొన్నాళ్లకు ఆమె మరదలు ఫోన్ చేసింది. "సిస్టరక్కా, గీ నడుమ ఒక్కతీరుగ కుర్సీ కుర్సీ అంటున్నది. ఇంట్లున్న కుర్సీలన్ని చూపెట్టినం. గివి కావంటది. మీకేమన్న ఎరుకనా?"

ఎరుకనా అని నన్నడుగుతుంది! ఫోన్ పెట్టేసి నేరుగా వెనక్కి పోయాను. సిమెంటు సంచి గడ్డకట్టి కుర్చీకి అతుక్కుపోయింది. దాన్ని పీకి అవతల పడేశాను. ఒక వెనక కాలు కింద జానెడు మేర చెదలు తినేశాయి. ఎడమ చెయ్యి ఊగుతోంది. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచింది, ఎర్ర గీత అక్కడక్కడా మిగిలింది. కానీ కుడి చేతి చివర ఆ గుంట అట్లాగే ఉంది. దాని మీద నా బొటనవేలు పెట్టి చూశాను. ఈ కుర్చీ చూస్తే ఆమెకు నేను గుర్తొస్తాననిపించింది. అనిపించడం కాదు, నమ్మేశాను.

మా వీధి చివర ఒక వడ్రంగి ఉన్నాడు. మాటకారి. వారంలో ఆయనకు ఇష్టమైన రోజు రేపు. ఎన్ని రేపులు గడిచాయో, చివరికి నేను ఆయన దుకాణం ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే అప్పుడు వచ్చాడు. కుర్చీని తలకిందులు చేసి, గోటితో ఒకచోట గీకి, కళ్లు పెద్దవి చేశాడు.

"అమ్మో మేడం, గిది టేకు!"

"తెలుసు" అన్నాను. అప్పుడే గుర్తొచ్చిందని ఆయనకు చెప్పడమెందుకు?

"గింత మంచి కట్టెకు గీ బండి రంగేంది? మొత్తం తీసేసి పాలిష్ కొట్టాలె. షోరూంల గిట్ల దొరకది."

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇన్నేళ్లు మా ఇంట్లో ఇంత గొప్ప వస్తువు ఉందా అనుకున్నాను. ఆమెకు కొత్తగా, ఇంకా బాగా చేసి ఇస్తే ఎంత సంతోషపడుతుందో అనుకున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

చెదలు తిన్న కాలు కోసి ఆయన కొత్త ముక్క అతికాడు, ఊగే చేతికి జిగురు పెట్టి బిగించాడు. రంగు తీసే పని రేపు అన్నాడు గనుక నేనే మొదలుపెట్టాను. రంగు కరిగించే మందు రాస్తే ఆకుపచ్చ రంగు బొబ్బలు లేచింది. బ్లేడుతో గీకితే చుట్టలు చుట్టలుగా రాలింది. సందుల్లో నల్లగా బొగ్గు దుమ్ము, పాత టూత్ బ్రష్షుతో దాన్ని కూడా తీశాను. కింద నుంచి తేనె రంగు కట్టె బయటపడుతుంటే చెయ్యి ఆపబుద్ధి కాలేదు. ఆ కొన్ని రోజులూ నేను ఆమెతో పైకే మాట్లాడాను. చూశావా సిస్టర్ ఎంత నునుపుందో, చూశావా కట్టెలో గీతలు ఎట్ల పోయాయో అని. పక్కింటివాళ్లు వింటే ఏమనుకున్నారో నాకు తెలియదు. ఇంట్లో నా గొంతు నాకు వినబడటం మాత్రం బాగుంది.

ఆఖరికి వడ్రంగి వచ్చి మొత్తం సాండ్ పేపర్ పట్టి పాలిష్ కొట్టాడు. కుర్చీ మెరిసిపోయింది. "చెయ్యి మీద గుంట వడ్డది మేడం, అది గూడ చదును చేసిన" అన్నాడు గొప్పగా. మంచి పని చేశావు అన్నాను. నిజంగానే అన్నాను.

ట్రాలీ ఆటోలో కుర్చీకి పాత దుప్పటి చుట్టి, నేను డ్రైవర్ పక్కన కూర్చుని పెద్దవంగర దాకా పోయాను. దారిలో గుంత వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను. డ్రైవర్ చివరికి విసుక్కున్నాడు, "అండ్ల మనిషి గిట్ల ఉన్నదా అవ్వా?" అని. పాలకుర్తి దాటాక అన్నీ మళ్లీ ఒకసారి లెక్కేసుకున్నాను. ఆమె బట్టలు ఏ సంచిలో సర్దాలి, మందులు ఏ పూటకు ఏవి, అన్నీ ఆలోచించుకుని పెట్టుకున్నాను. ఇంట్లో ఆమె మంచం మీద ఉతికిన దుప్పటి కూడా పరిచి వచ్చాను.

ఇంటి ముందు వాకిట్లో దుప్పటి విప్పాను. తమ్ముడు, మరదలు అబ్బా అన్నారు. ఆమెను చెయ్యి పట్టి తెచ్చి చూపించారు. ఆమె కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఎవ్వలిది గీ కుర్సీ? మంచిగున్నది" అంది.

"మనదే సిస్టర్. మన ఇంట్ల కుర్సీ."

"మీదా?" అంది మర్యాదగా. కూర్చోమంటే కూర్చుంది. పెద్ద ఆఫీసరు గదిలో కూర్చున్నట్టు అంచు మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి లేచి, "మా కుర్సీ తెచ్చిండ్రా?" అని మరదల్ని అడిగింది.

ఆ రోజు నేను కొడకండ్లలో మా అన్న ఇంట్లో పడుకున్నాను. భోజనం చేయలేదు. వదిన ఏమైందని అడిగితే కడుపులో బాగాలేదన్నాను. ఇన్నేళ్లలో ఆ కుర్చీని టేకని ఆమె ఎప్పుడు చూసింది? ఆమెకు తెలిసింది బండి రంగు, ఎర్ర గీత, వేలి కింద గుంట. ఆ మూడింటినీ నేను దగ్గరుండి గీకించి, ఆటో కట్టించుకుని మరీ పోయి చూపించాను.

మర్నాడు మళ్లీ పోయి కుర్చీని తిరగేశాను. వడ్రంగి బద్ధకం నన్ను కాపాడింది. కూర్చునే పలక అడుగున ఎవరు చూస్తారులే అని ఆయన వదిలేశాడు, నేనూ వదిలేశాను. అక్కడ పాత ఆకుపచ్చ రంగు అరచేయంత ఉంది. బ్లేడుతో ఒక పెచ్చు లేపి, కాగితంలో మడిచి, జనగామ బస్సెక్కాను.

జనగామలో రంగుల దుకాణం ఆయన నా ముందు ఒక అట్ట పరిచాడు. అందులో ఎన్ని ఆకుపచ్చలో! "ఏ నంబర్ మేడం?" అన్నాడు. నేను కాగితం విప్పి పెచ్చు చూపించాను. మిషన్‌లో కలిపి ఇచ్చాడు. మూత తీస్తే చిలకలాగా ఉంది. ఇది కాదు, ఇంకొంచెం నలుపు కలపమన్నాను. కలిపాడు. ఇంకొంచెం అన్నాను.

"గసోంటి మురికి రంగు ఎవ్వలేస్కుంటరు మేడం?"

"నేనే ఏస్కుంట. కలుపు" అన్నాను. నా ముఖం చూసి కలిపాడు. చిన్న డబ్బా ఎరుపు రంగు, రెండు బ్రష్షులు కూడా తీసుకున్నాను.

పెద్దవంగరలో వాళ్ల వాకిట్లోనే పనికి కూర్చున్నాను. మెరిసే పాలిష్ మీద సాండ్ పేపర్ పట్టి గరుకు చేస్తుంటే ఆమె తమ్ముడు చేను నుంచి వచ్చి నిలబడిపోయాడు. "గంత మంచి పాలిష్ మీద రంగేస్తవా అక్కా? నీ పానం మంచిగనే ఉన్నదా?" అన్నాడు. మతిమరుపు నాకు కూడా వచ్చిందేమోనని పాపం ఆయనకు భయం.

మొదటి పూత వేస్తుంటే ఆమె గడపలోకి వచ్చి చూస్తూ నిలబడింది. రంగు వాసనకు ముక్కు ముడుచుకోలేదు. కొంచెం సేపటికి లోపలికి తిరిగి మరదల్ని కేకేసింది.

"పిల్లా, గీ రంగులామె పొద్దటి సంది కూసున్నది. గింత బువ్వ వెట్టు."

మరదలు నా వైపు చూడలేకపోయింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రంగులామె అన్నం తిన్నది. మరదలు పప్పు, చింతకాయ తొక్కు వేసింది. సిస్టరే పక్కన కూర్చుని, ఇంకింత వేసుకో అని బలవంతం చేసింది. "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగింది. కొడకండ్ల అన్నాను. "కొడకండ్లనా? మా సిస్టర్ది గూడ కొడకండ్లనే" అంది. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఆమె ఎట్లుంటది?" అని అడిగాను.

"ఉత్తగనే ఒర్లుతది. కోపం జాస్తి ఆమెకు. గని మనసు మంచిది" అంది.

ఇన్నేళ్లలో ఆమె నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే పని ఉందని నేనూ అనుకోలేదు.

రెండో పూత ఆరాక అంచుల వెంబడి ఎర్ర గీత లాగాను. నాకు చేతకాక అక్కడక్కడా వంకర పోయింది. ఆ తాత లాగిన గీత తిన్నగా ఉండేది. తర్వాత కుడి చేతి చివర రూపాయి బిళ్లంత చోట మళ్లీ రంగు గీకేశాను. ఉలి అడిగి తెచ్చుకుని గుంట కూడా తొలిచాను. దాన్ని నా బొటనవేలితో రుద్ది రుద్ది నునుపు చేశాను. ఆమె ఏళ్లపాటు తీరికగా చేసిన పని అది, నేను ఒక పూటలో చేయబోయాను.

మర్నాడు సాయంత్రం, రంగు పూర్తిగా ఆరాక, కుర్చీని ఎత్తి గడప పక్కన, మా ఇంట్లో ఉండే తీరుగానే గోడకు ఆనించి పెట్టాను. తమ్ముడు ఆమెను పిలిచాడు. ఆమె వచ్చింది, చూసింది. దగ్గరికి వచ్చి కుర్చీ చేతి మీద చెయ్యి పెట్టింది. బొటనవేలు దానంతట అదే గుంటలోకి పోయింది.

"గిదే" అంది. "గిది మా కుర్సీ. ఏడ దొరికింది?"

మరదలు చప్పట్లు కొట్టింది. తమ్ముడు నా వైపు చూసి తలాడించాడు. అన్ని రోజుల అలసట ఒక్కసారిగా పైన పడినట్టయి, ఆ కుర్చీలోనే కూలబడబోయాను.

ఆమె గబుక్కున నా జబ్బ పట్టుకుంది.

"గందుల కూసోకు బిడ్డా. గది మా సిస్టర్ కూసునే కుర్సీ. డ్యూటీ కాడికెల్లి వచ్చే యాళ్లయింది."

నేను లేచి పక్కకు జరిగాను. ఆమె కొంగుతో కుర్చీ తుడిచింది. మరదలితో చాయ్ పెట్టించి, గ్లాసు మీద మూత వేసి కుర్చీ చేతి మీద ఉంచింది. తను గడప మీద కూర్చుని దారి వైపు చూసింది. నేనూ వాకిట్లో ఇటుకల మీద కూర్చున్నాను. చివరి ప్రయత్నంగా అడిగాను. "భూపాలపల్లి పోదామా సిస్టర్, మన ఇంటికి? నేను తోల్కపోత."

ఆమె నన్ను జాలిగా చూసింది. "నేనెట్ల వస్త? ఆమె వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటె ఎట్ల? ఒక్కపారి గట్లనే అయింది" అంది.

తమ్ముడు తల దించుకుని బర్రెల వైపు పోయాడు.

నాకు ఇంకొక్క ఆలోచన వచ్చింది. సంచి భుజాన వేసుకుని, వస్తానని చెప్పి బయటికి నడిచాను. మూల తిరిగి, కరెంటు స్తంభం పక్కన కాసేపు నిలబడ్డాను. ఆ తర్వాత వెనక్కి వచ్చి, గేటు దగ్గరి నుంచే, రోజూ దవాఖాన నుంచి వచ్చి అరిచినట్టే అరిచాను.

"సిస్టర్, చాయ్ అయిందా?"

ఆమె ఒక్క ఉదుటున లేచి నిలబడింది. ముఖం వెలిగింది. ఆ ముఖం నేను ఎన్నో ఏళ్లు రోజూ చూశాను, ఎప్పుడూ ఆగి చూడలేదు. గేటు దాకా వచ్చింది, నన్ను దాటుకుని రోడ్డు మీదికి పోయి అటూ ఇటూ చూసింది.

"ఇన్నవా? ఆమె గొంతే" అంది నాతో. "వస్తున్నది. యాడనో ఎవ్వలితోనన్న మాట్లాడుకుంట నిలవడ్డది. ఎప్పుడు గంతే."

చాలాసేపు చూసి లోపలికి వచ్చింది. కుర్చీ చేతి మీద ఉన్న గ్లాసు మూత తీసి, వేలు పెట్టి చూసి, మరదలికి ఇచ్చింది.

"సల్లగయింది. మల్లొకసారి ఎచ్చవెట్టు."